విశ్రాంతిలో ప్రథమ స్థానం

జెండా ఊపాల్సిన ముఖ్య అతిథి రెండు గంటల పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు.

ఉదయం ఆరింటికి మొదలు కావలసిన రాష్ట్ర హాఫ్ మారథాన్ అది. రెండు వందల పన్నెండు మంది రన్నర్లు ఐదున్నరకే గీత వెనక నిలబడ్డారు. నెల ఏప్రిల్. గీత వదిలి పక్కకు పోయినవారి నంబరు రద్దవుతుందని మైకులో చెబుతూనే ఉన్నారు. నీళ్ళ సీసాలు వేదిక మీద, అక్కడ కూర్చోబోయే వారి ముందు వరసగా ఉన్నాయి. ఎనిమిదీ పదికి అతిథి దిగి, పరుగు వల్ల ఒంటికి కలిగే మేలు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి, జెండా ఊపి, కారెక్కాడు. మొదటి కిలోమీటరులోనే పదకొండు మంది పడిపోయారు.

రాష్ట్ర దూర పరుగు ప్రోత్సాహక మండలి వెంటనే విచారణ సంఘం వేసింది. సభ్యులు ముగ్గురు. ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు. మూడో ఆయన పరుగు గురించి చదివాడు. నలభై రోజులు శ్రమించి వాళ్ళు నిజం కనిపెట్టారు. ముఖ్య అతిథి పడిపోలేదు. వేదిక మీదివారిలో ఒక్కరూ పడిపోలేదు. పడిపోయినవాళ్ళందరూ రన్నర్లే. కాబట్టి దోషం ఎండది కాదు, ఏర్పాట్లది అసలే కాదు. రన్నర్లకు తమ ఒంటిని తాము చూసుకోవడం చేతకాదు.

ఆ నివేదిక కడుపు నుంచి పుట్టిందే 'దూర పరుగు క్రీడాకారుల స్వీయ సంరక్షణ నియమావళి'. అరవై నాలుగు పేజీలు. మండలి సంచాలకుడు విద్యాధర్ దాన్ని ఆవిష్కరించాడు. అంతకు ముందు ఆయన పట్టుపురుగుల శాఖలో ఉండేవాడు.

"పరుగు అనునది ఫలితము మాత్రమే. సంరక్షణ అనునది మూలము. మూలమును పటిష్ఠపరచిన యెడల ఫలితము దానంతట అదే సంభవించును. ఇకమీదట జాతీయ పోటీలకు ఎంపిక యందు సంరక్షణకు తొంభై మార్కులు, పరుగు కాలమునకు పది మార్కులు కేటాయించడమైనది" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సభకు రన్నర్లను పిలవలేదు. వాళ్ళు విశ్రాంతి తీసుకోవాలి కదా.

* * *

బండారి రజితకు ఇరవై నాలుగేళ్ళు. చిన్నప్పుడు తండ్రి గొర్రెల మంద వెంట గుట్టలెక్కి దిగిన కాళ్ళు ఆమెవి. ఆ కాళ్ళను కనిపెట్టి జిల్లా శిక్షణ కేంద్రానికి తెచ్చినవాడు కోచ్ జహంగీర్. ఇప్పుడు ఆమె నలభై రెండు కిలోమీటర్ల మారథాన్‌ను రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాల్లో ముగిస్తుంది. రాష్ట్రంలో ఆమె తర్వాతి అమ్మాయి పదకొండు నిమిషాలు వెనక.

రజితకు కావలసింది ఒక్క కాగితం. అటవీశాఖ క్రీడాకోటా కింద, అడవిలో గస్తీ తిరిగే బీట్ ఆఫీసర్ ఉద్యోగాలు తీసింది. జాతీయ మారథాన్‌లో పరుగెత్తినట్టు, మండలి సంతకం, ముద్ర ఉన్న పత్రం జతచేయాలి. డిసెంబరు ముప్పై ఒకటి గడువు. ఆ రోజుతో ఆమె వయసు పరిమితి కూడా దాటిపోతుంది. జాతీయ మారథాన్ నవంబరులో నాగపూర్‌లో. మహిళల్లో ఎందరినైనా పంపొచ్చు, కానీ ఈ రాష్ట్ర మండలి పంపేది ఒక్కరినే.

"ఇగో, నీ పుస్తకం వచ్చింది" అని జహంగీర్ నియమావళితో పాటు వచ్చిన నమోదు పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు.

"గింత మందమున్నదేంది సార్. దీన్ని మోసుకుంట ఉరకాల్నా?"

"ఉరుకుడు ఆఖరి పేజీల ఉన్నది. ముందుగాల పదిహేడు గడులున్నయి, అవి నింపాలె. నింపినంక గెజిటెడ్ ఆఫీసర్‌తోని సంతకం పెట్టియ్యాలె. రోజూ."

రజిత పుస్తకం తెరిచింది. కాలిగోళ్ళు కత్తిరించిన తేదీ, వేళ. ఎడమ, కుడి వేర్వేరుగా. తాగిన నీరు, మిల్లీలీటర్లలో. మూత్రం రంగు, జతపరచిన రంగుల చీటీతో పోల్చి. మడమల స్థితి. మనశ్శాంతి: ఉన్నది, లేదు, విచారణలో ఉన్నది.

"సార్, ఈ రంగు గడి కూడ గెజిటెడ్ ఆఫీసరే చూడాల్నా?"

"చూసి ధ్రువీకరించాలె అని రాసిన్రు."

"ఆయినకు చెప్పిన్రా మరి?"

జహంగీర్ నియమావళి తిరగేశాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన రన్నర్లకు నేర్పింది నాలుగు ముక్కలు. దాహం కాకముందే తాగు, నొప్పి మాట విను, బూట్లు తడిగా తొడగకు, రాత్రి పెందలాడే పడుకో. ఈ నాలుగూ అరవై నాలుగు పేజీల్లో ఎక్కడున్నాయో ఆయన వెతికాడు. దొరకలేదు.

ఆ మండలంలో సులువుగా దొరికే గెజిటెడ్ అధికారి పశువైద్యుడు. ఆస్పత్రి శిక్షణ కేంద్రానికి ఆరు కిలోమీటర్ల దూరం. ఆయన మంచివాడు. రజిత పాదాలు రెండూ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగనే ఉన్నయమ్మా. గిట్టలైతే ఇంకా వివరంగ జెప్తుంటి" అని సంతకం పెట్టాడు.

రంగు గడి దగ్గర ఆయన కాసేపు ఆలోచించి, 'వినికిడి ప్రకారం సంతృప్తికరం' అని రాశాడు.

మనశ్శాంతికి తహసీల్దారు సంతకం. అది మరో ఐదు కిలోమీటర్లు. తహసీల్దారు లేనిరోజు మళ్ళీ వెళ్ళాలి. నెల తిరిగేసరికి రజిత సంతకాల కోసం తిరిగిన దూరం ఆరు వందల కిలోమీటర్లు దాటింది. బస్సులు ఆ వేళకు ఉండవు కనుక పరుగెత్తే వెళ్ళింది. శిక్షణ సాగింది అంటే ఆ దారిలోనే సాగింది.

నిద్ర గడి మాత్రం అందరికీ చిక్కు తెచ్చింది. నిద్రపోయినట్టు ఇద్దరు ఉద్యోగులు కళ్ళారా చూసి సంతకం చేయాలి. ఉద్యోగులు ఆఫీసు వేళల్లోనే ఉంటారు. అందువల్ల మండలి సవరణ ఉత్తర్వు ఇచ్చింది. క్రీడాకారులు ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదింటి వరకు నిద్రించవలెను. ఒంటిగంటన్నర నుంచి రెండింటి దాకా సాక్షులకు భోజన విరామం కాబట్టి ఆ అరగంట మేలుకొనవలెను.

శిక్షణ కేంద్రంలో పధ్నాలుగు మంది అమ్మాయిలు పట్టపగలు వరసగా పడుకుంటే, ఇద్దరు జూనియర్ అసిస్టెంట్లు కుర్చీల్లో కూర్చుని చూశారు. వారం రోజుల తర్వాత పడుకున్నవాళ్ళకు నిద్ర పట్టలేదు. చూసేవాళ్ళకు పట్టింది.

* * *

ఆగస్టులో మండలికి లెక్కలు చేరాయి. సూపరింటెండెంట్ దివాకరం వాటిని క్రోడీకరించాడు. పరుగెత్తిన రోజు కాళ్ళ నొప్పులు నమోదు చేసినవారు నూటికి తొంభై ఒక్కరు. పరుగెత్తని రోజు నమోదు చేసినవారు ఇద్దరు.

విద్యాధర్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. శాస్త్రజ్ఞులకు జీవితంలో ఒక్కసారి వచ్చే నిశ్శబ్దం ఆయన గదిలో అలుముకుంది.

"దివాకరం, రన్నర్ల ఆరోగ్యమునకు ప్రధాన శత్రువు ఏది?"

"ఎండ సార్?"

"పరుగు."

మర్నాడు స్పష్టీకరణ వెలువడింది. పోటీకి పూర్వము పరుగెత్తిన ప్రతి కిలోమీటరుకు అర మార్కు తగ్గింపబడును. సంతకాల నిమిత్తము పరుగెత్తిన దూరము సైతము ఇందు చేరును.

రజిత, జహంగీర్ తెల్లారి బస్సెక్కి రాజధానికి వెళ్ళారు. మూడు గంటలు వరండాలో కూర్చున్నాక లోపలికి పిలుపు వచ్చింది.

"సార్, ఉరకకుంట మారథాన్ ఎట్ల ఉరకాలె?" అని అడిగింది రజిత.

విద్యాధర్ నొచ్చుకోలేదు. అజ్ఞానం మీద ఆయనకు జాలి ఉంది.

"చూడమ్మా, పోటీ దినమున పరుగెత్తుటకు మండలికి ఎట్టి అభ్యంతరమూ లేదు. దానికి ముందు పరుగెత్తుట వలన క్రీడాకారిణి అరిగిపోవుచున్నది. ప్రభుత్వ వాహనము చూడు, షెడ్డులో ఉన్నంతకాలము మరమ్మత్తుకు రాదు."

"మా సెంటర్ జీప్ ఆరేండ్ల సంది షెడ్డులనే ఉన్నది సార్. ఇప్పుడు స్టార్టే అయితలేదు" అన్నాడు జహంగీర్.

"దాని మీద ఈ ఆరేళ్ళలో ఒక్క ఫిర్యాదైనా వచ్చినదా?"

"రాలేదు సార్."

"గమనించితిరా."

"మా పిల్లకు డిసెంబర్‌తోని ఉమర్ ఖతం అయితది సార్. ఈసారి పోకుంటే అడవి నౌకరి పోయినట్టే. రాష్ట్రంల దీన్ని మించి ఉరికెటోళ్ళు లేరు. మీరు గడియారం పెట్టి చూడుండ్రి."

"గడియారము పది మార్కులు" అన్నాడు విద్యాధర్, గంట కొడుతూ. "తక్కినవి తొంభై."

మెట్లు దిగుతూ రజిత అంది: "సార్, వాపస్ పోయి పొద్దుగాల ఉరుకుడు బంద్ చెయ్యాల్నా మరి?"

"మార్కులు కావాల్నంటే బంద్ చెయ్యాలె. మారథాన్ కావాల్నంటే ఉరకాలె."

ఆమె ఉరికింది. రోజూ నాలుగున్నరకు లేచి ముప్పై కిలోమీటర్లు. ఎంత పరుగెత్తిందో పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసింది. అబద్ధం రాయడానికి గడి ఎక్కడా ఇవ్వలేదు.

* * *

అక్టోబరులో ఫలితాలు తేలాయి. మహిళల మారథాన్‌కు రాష్ట్రం మొత్తం మీద వచ్చినవి పదిహేను పుస్తకాలు. రజితకు వచ్చినవి సున్నాకు దిగువన వెయ్యి పైచిలుకు మార్కులు. పదిహేనో స్థానం. సంరక్షణలో తొంభైకి తొంభై తెచ్చుకుని ప్రథమ స్థానంలో నిలిచిన పుస్తకం మీద పేరును దివాకరం రెండుసార్లు చదివాడు. దాన్ని పట్టుకుని సంచాలకుడి గదిలోకి వెళ్ళాడు.

"సార్, ఇది మన సంపూర్ణమ్మ."

"ఏ జిల్లా?"

"జిల్లా కాదు సార్. మన రికార్డు రూమ్. రికార్డ్ అసిస్టెంట్ సంపూర్ణమ్మ. యాభై ఏడేళ్ళు. పుస్తకం ఎట్లా నింపాలో జిల్లాలకు చూపడానికి మీరే ఒక నమూనా నింపించమన్నారు. ఆమెతో నింపించాను. అది ఫైల్లోనే ఉండిపోయింది."

నమూనాలో కల్పితం ఏమీ లేదు. సంపూర్ణమ్మ నెల రోజులు తాను చేసిందే రాసింది. పరుగు: లేదు. నిద్ర: పదిన్నర నుంచి ఐదు వరకు, సాక్షులు సెక్షన్ మొత్తం. నీరు: నాలుగు లీటర్లు, ఆమె కుర్చీ నీళ్ళ క్యాన్ పక్కనే. పాదాలు: మోకాళ్ళ నొప్పుల వల్ల రోజూ వేడినీళ్ళలో. మనశ్శాంతి: ఉన్నది, రికార్డు రూముకు ఎవరూ రారు.

"దీనికి ఇన్‌వర్డ్ నంబరు పడినదా?"

"పడింది సార్. ఒకటో నంబరు."

"నంబరు పడిన కాగితము దరఖాస్తు అగును. దరఖాస్తును పరిష్కరించవలెనే గాని, ఫైలు నుండి తొలగించుట నేరము. నీ సర్వీసు ఎంత?"

"ఇరవై తొమ్మిదేళ్ళు సార్."

"అయితే నీ చేతితో తొలగించు. నేను చూచుచుందును."

దివాకరం చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పోనీ అర్హత లేదని తిరస్కరిద్దామా సార్? వయసు..."

"నియమావళిలో వయసు గడి లేదు. సంరక్షణలో ప్రథమ స్థానము పొందినవారే అర్హులని పదవ పేజీలో నేనే వ్రాసితిని."

పొద్దున ఇది చిక్కు. మధ్యాహ్నానికి విధిలేని నిర్ణయం. సాయంత్రం పత్రికా ప్రకటనలో అది మండలి ఘనకార్యం అయింది. పరుగు వాసన సోకని, కీళ్ళు ఇసుమంతైనా వాడని స్వచ్ఛమైన క్రీడాకారిణిని మండలి తన ఆవరణలోనే వెలికితీసిందని అందులో ఉంది.

* * *

రికార్డు రూములో సంపూర్ణమ్మ ఉత్తర్వు కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా రజిత, జహంగీర్. వాళ్ళు పోట్లాడదామనే వచ్చారు. ఆమెను చూశాక ఆ ఉద్దేశం పోయింది.

"నాకు బస్సు అందుకునుడే రాదు బిడ్డా. డ్రైవరే సూశి ఆపుతడు. నలభై రెండు కిలోమీటర్లు నేనేడ ఉరకాలె?"

"రాదని రాసియ్యి పెద్దమ్మా" అంది రజిత.

"రాసిచ్చిన. సర్కార్ ఉత్తర్వు కాదంటే క్రమశిక్షణ చర్యనట. ఇంకో పదినెల్లకు రిటైరయిత. ఇప్పుడు మెమో పడితే పింఛను ఆపుతరు." సంపూర్ణమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది. "నీ జాగ నేను గుంజుకున్నట్టయింది. నాకు సిగ్గయితున్నది."

"మీదేం తప్పున్నదమ్మా. మీరు గా పుస్తకంల నిజమే రాసిన్రు. అందుకే గెలిచిన్రు" అన్నాడు జహంగీర్.

"నిజం రాసే నేను పదిహేనో నంబరొచ్చిన సార్" అంది రజిత.

సంపూర్ణమ్మకు నవ్వు వచ్చింది. అంతలోనే ఏదో గుర్తొచ్చింది. ముప్పై మూడేళ్ళు ఫైళ్ళ మధ్య బతికిన మనిషి ఆమె. అధికారులు ఉత్తర్వులు రాస్తారు. చదివేది ఆమె ఒక్కతే. సొరుగులోంచి నియమావళి తీసి, వేలు తడిచేసుకుంటూ నలభై ఎనిమిదో పేజీకి వచ్చింది.

"ఇగో విను. 'ఎంపికైన క్రీడాకారిణికి పోటీ మార్గమున ప్రతి మూడు కిలోమీటర్లకు నీరు, తడిగుడ్డ అందించుటకు ఒక సంరక్షకురాలిని నియమించవలెను. సంరక్షకురాలు క్రీడాకారిణి కంటె ముందుగానే ప్రతి కేంద్రమునకు చేరి సిద్ధముగా ఉండవలెను.' ఇంకా ఉన్నది. 'సంరక్షణలో కడపటి స్థానము పొందిన వారికి దిద్దుబాటు నిమిత్తము ఈ బాధ్యత అప్పగింపవలెను.'"

ఆమె పేజీలో వేలు ఉంచి తలెత్తింది.

"కడపటి స్థానం ఎవలది?" అంది సంపూర్ణమ్మ.

"నాదే" అంది రజిత. వెంటనే మొహం మాడ్చుకుంది. "అంటే నీళ్ళసీస మొయ్యనీకి పోవాల్నా?"

"సీస సంగతి ఇడిశిపెట్టు. రోడ్డు మీదికి పోనిస్తరు గదా."

ఆమే నోట్ ఫైలు రాసి పైకి పంపింది. విద్యాధర్‌కు అది ఎంతో నచ్చింది. ఉత్తమ క్రీడాకారిణిని దగ్గరుండి గమనించుట వలన ఆ బాలికకు బుద్ధి వచ్చునని పక్కన రాశాడు. నంబరు లేని మనిషిని మార్గంలోకి అనుమతించేది లేదని నాగపూర్ నిర్వాహకులు జవాబిచ్చారు. మండలి ప్రతిష్ఠ దెబ్బతిన్నట్టు భావించిన విద్యాధర్, అయితే సంరక్షకురాలికి కూడా నంబరు తీసుకోమని ఆదేశించాడు. నిర్వాహకుల దరఖాస్తులో సంరక్షకురాలు అనే గడి లేదు. దివాకరం ఉన్న గడే నింపాడు. బండారి రజిత, మహిళల మారథాన్, నంబరు 2117.

* * *

నాగపూర్. నవంబరు చలి. గీత దగ్గర సంపూర్ణమ్మ చీర మీద మండలి వారి జాకెట్ తొడుక్కుని, నంబరు పిన్నులు గుచ్చుకుంటాయేమోనని భుజాలు బిగించి నిలబడింది. రజిత నడుముకు పట్టీ కట్టుకుంది. అందులో చిన్న నీళ్ళ సీసా, తడిగుడ్డ.

విద్యాధర్ వచ్చి ఇద్దరికీ చివరి సూచన చేశాడు.

"నియమము గుర్తున్నది కదా. సంరక్షకురాలు ప్రతి కేంద్రము వద్దకు ముందుగానే చేరవలెను. ఏ ఒక్క కేంద్రము వద్దనైనను క్రీడాకారిణి వేచియుండుట జరుగరాదు."

"జరగనియ్యను సార్" అంది రజిత.

తుపాకి పేలింది.

సంపూర్ణమ్మ ఆరు వందల మీటర్లు నడిచింది. అక్కడ వైద్యశిబిరం కనిపించింది. అందులో కుర్చీ కనిపించింది. చెప్పులు విప్పి కూర్చుంది. బీపీ చూస్తామని ఎవరో వస్తే చెయ్యి చాచింది.

రజిత మూడో కిలోమీటరు దగ్గర పన్నెండో నిమిషం దాటకముందే నియమం ప్రకారం సిద్ధంగా ఉంది. క్రీడాకారిణి జాడ లేదు. కనుక ఆరో కిలోమీటరుకు వెళ్ళింది. అక్కడా ఆలస్యం చేయడానికి నియమం ఒప్పుకోదు. ఇరవై ఒకటి దాటేసరికి ముందున్న గుంపులోని అమ్మాయిల వీపులు కనిపించసాగాయి. ఒక్కొక్కరినీ దాటింది. దారిలో నిర్వాహకులు ఇచ్చిన నీళ్ళు తాగింది. నడుము సీసా ముట్టలేదు, అది క్రీడాకారిణిది.

ముప్పై నాలుగో కిలోమీటరు దగ్గర కుడి పిక్క బిగిసింది. మండలి లెక్కలో పదిహేడు గడుల మనిషి అక్కడ ఆగిపోవాలి. జహంగీర్ మాట వినే మనిషి మాత్రం అడుగు చిన్నది చేసి, మడమ నేలకు పూర్తిగా ఆనించి, మూడు వందల మీటర్లు ఓపిక పట్టింది. పిక్క వదిలింది. మళ్ళీ సాగింది. దారి పక్క తాడుకు అటువైపు నిలబడ్డ జహంగీర్ వాచీ చూసుకుని, ఏమీ అరవకుండా, చెయ్యి మాత్రం పైకెత్తాడు.

రెండు గంటల నలభై నాలుగు నిమిషాల ముప్పై ఒక్క సెకన్లు. ఎనిమిదో స్థానం.

గీత దాటి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిన రజిత దగ్గరికి విద్యాధర్ పరుగులాంటి నడకతో వచ్చాడు. "క్రీడాకారిణి ఎక్కడ?"

"వెనకొస్తున్నది సార్."

"ఎంత వెనుక?"

"నలభై ఒక్క కిలోమీటర్లు ఉంటది సార్."

సంపూర్ణమ్మను శిబిరంలో కనుగొన్నారు. నాడి డెబ్భై రెండు. బొబ్బలు లేవు. చెమట లేదు. టీ తాగుతోంది. ఆ రోజు మార్గంలో దిగిన మూడు వందల మంది మహిళల్లో అంత తాజాగా ఉన్నవారు మరొకరు లేరని వైద్యులు కూడా ఒప్పుకున్నారు. తన సిద్ధాంతం రుజువైనందుకు విద్యాధర్ కళ్ళు చెమర్చాయి. వారం తిరక్కముందే సంపూర్ణమ్మకు శాలువా కప్పి, కాళ్ళ కింద పెట్టుకునే పీట ఒకటి బహూకరించారు. ఆ పీట మాత్రం ఆమెకు పనికొచ్చింది.

* * *

డిసెంబరు ఇరవై తొమ్మిది. రజిత సంచాలకుడి బల్ల ముందు నిలబడింది. నాగపూర్ వాళ్ళు ఇచ్చిన పత్రం మీద మండలి సంతకం, ముద్ర కావాలి.

"సంరక్షకురాలికి పత్రము చెల్లదు" అన్నాడు విద్యాధర్.

"ఉరికిన గద సార్."

"అదియే నీ నేరము. నీ శ్రమ సూచిక ఎంతకు చేరినదో తెలియునా? నలభై రెండు కిలోమీటర్లు! ముందస్తు అనుమతి లేదు, నిద్ర సాక్ష్యము లేదు, గోళ్ళ వివరము లేదు. సంరక్షకురాలే తన్ను తాను సంరక్షించుకొననిచో మండలి పరువు ఏమి కావలెను? పిలువుడు దివాకరమును."

దివాకరం సెలవులో ఉన్నాడు. ఫైలు పట్టుకుని సంపూర్ణమ్మ వచ్చింది. ఆమె రజిత వైపు చూడలేదు.

"అభియోగ మెమో వ్రాయుము. బండారి రజిత అను ఆమె నియమావళిని అతిక్రమించి పరుగెత్తినందున..."

"ఏడ ఉరికిందో రాయాలె గద సార్" అంది సంపూర్ణమ్మ, కలం పట్టుకుని.

"నాగపూర్‌లో అని వ్రాయుము."

"నాగపూర్‌ల అంటే బజార్ల ఉరికిందో, దేంట్ల ఉరికిందో. నేరం సాఫ్‌గ లేకుంటే మెమో నిలబడది సార్. పోయినేడు ఒకటి గట్లనే కొట్టేసిన్రు."

విద్యాధర్‌కు ఆ కొట్టివేత గుర్తుంది. ఆ మెమో కూడా ఆయనదే.

"జాతీయ మారథాన్ పోటీయందు, మహిళల విభాగములో, అధికారికముగ నమోదై, 2117 నంబరు ధరించి."

"దూరం సార్?"

"నలభై రెండు కిలోమీటర్ల నూట తొంభై ఐదు మీటర్లు. పూర్తిగా. ఒక్క మీటరైనను విశ్రమింపక."

"కాలం?"

"రెండు గంటల నలభై నాలుగు నిమిషాల ముప్పై ఒక్క సెకన్లు."

"ఎన్నో నంబరొచ్చిందో?"

"అది ఎందుకు?"

"ఎంతమందిని దాటిందో తెలిస్తెనే నేరం ఎంత పెద్దదో తెలుస్తది సార్."

"ఎనిమిదవ స్థానము" అన్నాడు విద్యాధర్ కోపంగా. "శిక్షగా మూడు సంవత్సరములు నిర్బంధ విశ్రాంతి."

సంతకం పెట్టాడు. సంపూర్ణమ్మ ముద్ర కొట్టింది. అస్పష్టంగా పడిందేమోనని పక్కనే ఇంకోటి కొట్టింది.

కాగితం తీసుకుని రజిత బయటకొచ్చేసరికి వరండాలో జహంగీర్ లేచి నిలబడ్డాడు. చదివి, పళ్ళు కొరుక్కున్నాడు. "మూడేండ్లు ఉరకొద్దంటరా" అని తిట్టబోయాడు. పై భాగం మళ్ళీ చదివాడు. ఈసారి నెమ్మదిగా, వేలు పెట్టి. ఆ తర్వాత కాగితాన్ని మడతపడకుండా పుస్తకంలో పెట్టి, "నడువు, బస్సున్నది" అన్నాడు.

అటవీశాఖ కార్యాలయంలో దరఖాస్తులు తీసుకునే గుమస్తా వయసు మళ్ళినవాడు. మెమోను వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"ఇది మెచ్చుకున్న కాయితమా, తిట్టిన కాయితమా అమ్మా?"

"తిట్టిన కాయితమే సార్. అన్ని ఉన్నయి చూడుండ్రి."

గుమస్తా తన చీటీ పక్కన పెట్టుకుని సరిచూశాడు. జాతీయ పోటీ. దూరం. కాలం. స్థానం. సంచాలకుడి సంతకం. ముద్ర, రెండుసార్లు. ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టాడు. మెచ్చుకోవాలని చీటీలో ఎక్కడా రాసి లేదు. రశీదు చింపి ఇస్తూ చివరి వాక్యం దగ్గర ఆగాడు.

"మూడేండ్లు విశ్రాంతి అని రాసిన్రు. మా నౌకర్ల అది దొరకదమ్మా. దినాం పదిహేను కిలోమీటర్లు బీట్ నడవాలె."

"నడవాల్నా సార్," అంది రజిత రశీదు అందుకుంటూ, "ఉరకొచ్చా?"